జనగామ నుంచి భూపాలపల్లి దాకా: అడవి దారిలో మన సాక్ష్యాలు

(భూపాలపల్లిలో ఆదివాసీ యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను అటవీ హక్కుల చట్టం మీద మాట్లాడమన్నరు. సెక్షన్లు చదువుకుంట కూర్చుంటే మధ్యాహ్నం అన్నం తిన్నంక మీరందరు నిద్రపోతరని నాకు తెలుసు. అందుకే మొన్న ఎండాకాలం మొదట్లో మేం ముగ్గురం రెండు బండ్ల మీద చేసిన ప్రయాణం గురించి చెప్తా. సెక్షన్లు దారిలో వాటంతట అవే వస్తయి.

అసలు ఈ ప్రయాణం ఒక వీడియో వల్ల మొదలైంది. మాతో తిరిగే ఒక తమ్ముడు ఫోన్‌లో కెనడా వీడియో చూపిచ్చిండు. పడమటి సముద్రం ఒడ్డున వాంకూవర్ దీవి. అడవి మధ్యలోంచి తారురోడ్డు, రెండు దిక్కులా ఆకాశాన్ని తాకే దేవదారు చెట్లు, కొమ్మలకు వేలాడే నాచు, ఎప్పుడూ ఆగని సన్నటి వాన. అక్కడ టోఫినో అనే ఊరు ఉన్నది. ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల పైన వాన పడుతది. మనకు పడేది అందులో మూడో వంతు, అది కూడా నాలుగు నెలల్లో. "అన్నా, అడవి అంటే ఇది. మనదేం అడవి, ఎండకాలం వస్తే అన్నీ మోళ్లే" అన్నడు తమ్ముడు. నాకు కోపం రాలే గాని రోషం వచ్చింది. "పా, మన అడవి చూద్దాం" అన్న. హైదరాబాద్ నుంచి వచ్చే హైవే మీద వరంగల్, ములుగు మీదుగా పోతే సగం రోజులో మేడారం చేరుతం. ఆ దారి వద్దనుకున్నం. జనగామలో దిగి పాలకుర్తి, తొర్రూరు, మహబూబాబాద్, గూడూరు, కొత్తగూడ, పాకాల, ములుగు, తాడ్వాయి, మేడారం, అక్కడి నుంచి బయ్యక్కపేట మీదుగా ఈ భూపాలపల్లి. రెండు రోజులు పట్టింది.

జనగామలో అడవి ఏముందని మీరు అడుగుతరు. ఇప్పుడు ఏం లేదు. బోడిగుట్టలు, పత్తి చేన్లు, చెరువులు. అయినా అక్కడి నుంచే మొదలుపెట్టినం. ఎందుకంటే విసునూరు దొర మీద భూమి కోసం నిలబడ్డ ధర్మాపురం లంబాడీలు ఆ దిక్కువాళ్లే. ఠానునాయక్ పేరు మీలో కొందరన్నా వినే ఉంటరు. ఆ తండాల్లో చాయ్ తాగుకుంట ముసలోళ్లతో కూర్చుంటే, "మా తాతలు ఎద్దులు తోలుకొచ్చినప్పుడు ఇదంతా చెట్లే" అంటరు. వాళ్ల దగ్గర ఆ మాట తప్ప ఏం మిగల్లేదు. చెట్టు లేదు, చెట్టు ఉన్న జాగ గుర్తు లేదు. ఆ మాట నా మనసులో పడ్డది. పొద్దు ఎక్కుతున్నది, తొర్రూరు దిక్కు బండి తిప్పినం.

మహబూబాబాద్ దాటినంక దారి మారుతది. అక్కడికి కొంచెం ఎడమకు కేసముద్రం. 2024 సెప్టెంబర్ 1 తెల్లారగట్ల వానకు రైలు పట్టాల కింద కట్ట కొట్టుకపోయి, పట్టాలు గాలిలో వేలాడిన ఫోటో మీరందరు చూసిండ్రు. అదే వానకు ఆకేరు వాగు తండాల మీదికి వచ్చింది. అది గుర్తుపెట్టుకోండి, నీళ్ల గురించి మళ్లీ చెప్తా.

గూడూరు నుంచి కొత్తగూడ పొయ్యే దారిలో మార్చి నెలాఖరుల అడవి ఎట్లుంటదో మీకు నేను చెప్పేదేంది. మోదుగు పూలు రాలిపోయినయి. టేకు ఆకు మొత్తం కింద పడి బండి టైరు కింద పటపటమంటున్నది. నల్లమద్ది బెరడు మొసలి వీపులెక్క పగిలి ఉన్నది. ఇప్ప చెట్లు మాత్రం ఆకు లేకుంట పువ్వుతో ఉన్నయి. తెల్లారక ముందే ఆ వాసన రోడ్డు మీదికి వస్తది. మా తమ్ముడు బండి ఆపి, "అన్నా, ఇది వీడియోలో రాదు" అన్నడు. ఏదో ఒప్పుకున్నడులే అనుకున్న.

అక్కడ ఒక కోయ గూడెంలో రాత్రి ఆగినం. గూడెం పేరు చెప్పను, వాళ్ల ఫైలు ఇంకా నడుస్తున్నది. తెల్లారి నాలుగున్నరకు ఒక తాత మమ్మల్ని లేపిండు. ఎనభై దాటినయి ఆయనకు. గంప పట్టుకొని ముందు నడుస్తున్నడు, మేం సెల్‌ఫోన్ లైట్లు పట్టుకొని వెనక. ఆయనకు లైటు అక్కరలేదు. ఒక ఇప్ప చెట్టు దగ్గర ఆగి, "ఇది మా అయ్యది" అన్నడు. పక్కది? "అది మా చిన్నాయన బిడ్డకు పెళ్లినాడు ఇచ్చినం." ఇంకొంచెం దూరంల ఉన్నది? "అది ఎవరిది కాదు, దేవునిది. దాని పువ్వు పండుగకే." ప్రతి చెట్టు కింద నేల ఊడ్చి ఉన్నది. మొదలు మీద పాత గాట్లు, మానిపోయి అంచులు ఉబ్బి, పెదవుల్లెక్క మూసుకున్నయి. ఆ గాటు ఎప్పటిదని అడిగితే, "నేను పిల్లగాన్ని ఉన్నప్పుడు కూడ ఉండె" అన్నడు. తపసి చెట్టుకు బంక తీసిన మచ్చలు వేరే రకం, అవి కూడ చూపిచ్చిండు. అట్ల రెండు గంటలు తిప్పిండు. వాగు, వాగు ఒడ్డున గడ్డలు తవ్వే జాగ, పశువులు నీళ్లు తాగే మడుగు, చనిపోయినోళ్లకు రాళ్లు పాతిన చోటు, గుట్ట మీద పోతరాజు. ఎక్కడి నుంచి పక్క గూడెం వాళ్ల హద్దు మొదలైతదో ఒక నల్లరాయి చూపిచ్చి చెప్పిండు.

తిరిగొచ్చినంక ఆయన కొడుకు ఒక సంచి తెచ్చి నా ముందర పెట్టిండు. ఊరి అడవి మీద సామూహిక హక్కు కోసం పెట్టుకున్న దరఖాస్తు. పైనుంచి తిరిగొచ్చింది. మీద ఒక్కటే వాక్యం: తగిన ఆధారాలు లేవు.

అన్నలారా, నాకు అప్పుడు ఏమనిపిచ్చిందంటే... రెండు గంటలు మేం నడిచింది మొత్తం ఆధారాల మధ్యల్నే. ఒక్కటి కూడ ఆ సంచిలో లేదు. సంచిలో ఉన్నవి ఆధార్ కార్డులు, రేషన్ కార్డులు, కుల ధ్రువపత్రాలు. అంటే మనుషులు ఎవరో చెప్పే కాగితాలు. అడవితో వాళ్లకు ఏం సంబంధమో చెప్పే కాగితం ఒక్కటి లేదు. తప్పు ఆఫీసుది ఉన్నది, నిజమే, కారణం వివరంగా రాయకుంట వాపస్ పంపొద్దు. కాని మన తప్పు కూడ ఉన్నది. మనలో చదువుకున్నోళ్లం నింపిన ఫారం అది.

ఇప్పుడు సెక్షన్ వచ్చింది, నిద్రపోకుండ్రి. అటవీ హక్కుల చట్టం 2006ల చేసిండ్రు, 2008 జనవరి 1 నుంచి నిబంధనలతో అమల్లోకి వచ్చింది. నిబంధనల్లో 13వది సాక్ష్యాల గురించి. సామూహిక హక్కులకు ఏమేం సాక్ష్యంగా చూపొచ్చో అందులో రాసి ఉన్నది: పశువులు మేసే చోట్లు, గడ్డలు, దుంపలు, కాయలు, పండ్లు ఏరుకునే చోట్లు, చేపలు పట్టే చోట్లు, మనుషులకు పశువులకు నీళ్లు దొరికే జాగలు, మందుమొక్కలు తెచ్చుకునే చోట్లు, ఊరోళ్లు కట్టిన పాత కట్టడాల ఆనవాళ్లు, దేవుని చెట్లు, దేవుని వనాలు, శ్మశానాలు. తాత మాకు చూపిచ్చిన వరుస ఇదే కదా! ఆయన నిబంధన చదవలే. ఇంకోటి, దరఖాస్తుదారులు కాని పెద్దమనుషులు చెప్పిన వాంగ్మూలం రాసుకుంటే అది కూడ సాక్ష్యమే. శాటిలైట్ బొమ్మలో కనబడలేదని కొట్టేస్తమంటే కుదరదు. శాటిలైట్ బొమ్మ మిగతా సాక్ష్యాలకు తోడుగా పనికొస్తది గాని వాటి జాగలో కూర్చోదని నిబంధనల్లోనే ఉన్నది. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాసి ఇయ్యాలె, 60 రోజుల్లో పై కమిటీకి పోవచ్చు.

మనకు ఎక్కువ తెలిసింది పోడు పట్టా. 2023 జూన్ 30న మొదలుపెట్టి రాష్ట్రంలో లక్షా 51 వేల మందికి 4 లక్షల 6 వేల ఎకరాలకు పట్టాలిచ్చినమని ప్రభుత్వం చెప్పింది. మంచిదే, వచ్చినోళ్లకు వచ్చింది, రానోళ్ల కొట్లాట వేరే ఉన్నది. కాని అది ఫారం-ఎ. ఇంటి హక్కు. ఫారం-బి, ఫారం-సి ఊరి హక్కు. బి అంటే ఏరుకునేది, మేపుకునేది, చేపలు పట్టేది. సి అంటే ఊరి హద్దుల్లో ఉన్న అడవిని కాపాడి, నడిపిచ్చే అధికారం. సి గురించి మన ఊర్లల్ల ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూసిండ్రా.

కెనడా వీడియో మళ్లీ గుర్తుచేస్త. తమ్ముడికి ఆ అడవి అందంగా కనబడ్డది. ఆ అడవి అట్ల ఎందుకు మిగిలిందో వీడియోల చెప్పలే. టోఫినో ఎదురుంగ నీళ్ల అవతల మియర్స్ అనే దీవి ఉన్నది. 1984ల ఒక కలప కంపెనీ దాన్ని కొట్టడానికి వచ్చింది. అక్కడి మూలవాసులు, ట్లావొక్వియాట్, అహౌసాట్ జాతుల వాళ్లు, పడవలేసుకొని అడ్డం నిలబడ్డరు. ఇది మా తోట, మా గిరిజన వనం అని ప్రకటించిండ్రు. కోర్టుకు పోయిండ్రు. కోర్టులో ఏం చూపిచ్చిండ్రో తెలుసా? చెట్ల మీద మచ్చలు. అక్కడోళ్లు దేవదారు బెరడు చీల్చి బుట్టలు, తాళ్లు, బట్టలు చేసుకునేది. మొదట్లో అడ్డంగా గాటు పెట్టి పైకి గుంజితే పొడుగ్గా ఒక పట్టీ వస్తది. చెట్టు చావదు. అంచుల నుంచి మానుకుంట వస్తది. ఆ మచ్చ తర్వాత పెరిగిన వలయాలు లెక్కబెడితే ఏ ఏట చీల్చిండ్రో తెలుస్తది. "ఇక్కడ మనుషులెవరూ లేరు, ఖాళీ అడవి" అన్నోళ్లకు ఆ చెట్లే జవాబు. 1985ల అప్పీలు కోర్టు గొడ్డలి ఆపింది. ఆ రాష్ట్రంలో ఇప్పుడు 1846కు ముందటి మచ్చ ఉన్న చెట్టును కొట్టొద్దని చట్టమున్నది. అక్కడికి ఇంకా ఉత్తరాన హైదా జాతి వాళ్లు 1985ల రోడ్డు మీద కూర్చుంటే 72 మందిని అరెస్టు చేసిండ్రు. 2024ల ఆ దీవులన్నిటి మీద హైదాల హక్కు ఉన్నదని రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకున్నది. ముప్పై తొమ్మిదేండ్లు పట్టింది. మా తమ్ముడికి పాకాల చెరువు కట్ట మీద కూర్చొని ఇదంతా చెప్పిన. వాడు ఆ ఇప్ప చెట్టు గాటు ఫోటో తీసి ఉండాల్సింది అన్నడు. మళ్లీ పోదాం అన్న.

పాకాల చెరువు కాకతీయుల కాలం నాటిది, గణపతిదేవుని ఏలుబడిలో కట్టింది. అభయారణ్యం ప్రకటించింది 1952ల. ఇప్పుడు ఆ దారిలో ఎక్కడ చూసినా బోర్డులు: జంతువులున్నయి, నెమ్మదిగా పొండి, ప్లాస్టిక్ వెయ్యొద్దు. అన్నీ మంచి మాటలే. అడవిలో ఫలానా గూడెం వాళ్లు ఉంటున్నరని చెప్పే బోర్డు మాత్రం నాకు కనబడలే. అభయారణ్యంలో హక్కులు ఉండవని చాలామంది మనోళ్లు కూడ అనుకుంటరు. ఉంటయి. చట్టంలో అటవీ భూమి అన్న మాటకు ఇచ్చిన అర్థంలోనే అభయారణ్యాలు, జాతీయ పార్కులు కలిసి ఉన్నయి.

రోడ్ల ముచ్చట కూడ అక్కడే వచ్చింది. మేం బండ్ల మీద పోయినం గనుక రోడ్డు మీద ప్రతి గుంత మాకు తెలుసు. పెద్ద రోడ్డు నున్నగ ఉంటది, గూడెం దిక్కు తిరగంగనే మట్టి, రాళ్లు. అడిగితే "ఫారెస్టు పర్మిషన్ లేదు" అంటరు. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చూడుండ్రి. బడి, దవాఖాన, అంగన్‌వాడీ, రేషన్ షాపు, కరెంటు లైను, తాగునీళ్లు, చిన్న చెరువులు, రోడ్డు... మొత్తం 13 రకాల పనులకు ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇయ్యొచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టొద్దు, గ్రామసభ సిఫారసు ఉండాలె. అంతే. లెక్క చేసి చూడుండ్రి: అయిదు మీటర్ల వెడల్పుతో రోడ్డు వేస్తే ఒక హెక్టారులో రెండు కిలోమీటర్లు వస్తది. పెద్ద రోడ్డుకు రెండు కిలోమీటర్ల లోపల ఉన్న గూడేలు ఎన్ని? ఆ గూడేల నుంచి కాన్పుకు మంచం మీద మోసుకపోయిన ఆడబిడ్డలు ఎందరు? గ్రామసభ తీర్మానం ఒక్క కాగితం. దాన్ని రాసే పిల్లలు ఊర్లె ఉన్నరు, ఇంటర్ చదివినోళ్లు, డిగ్రీ చదివినోళ్లు. మీరే.

ములుగు దగ్గర గట్టమ్మ తల్లికి దండం పెట్టుకొని తాడ్వాయి దిక్కు పోయినం. అక్కడ బండి దిగి చాలాసేపు ఎవరం మాట్లాడలే. 2024 ఆగస్టు 31న వచ్చిన గాలివాన మీకు తెలుసు. కొద్దిసేపట్లనే యాభై వేలకు పైగా చెట్లు వేర్లతో సహా పడ్డయి. పడ్డ మొదళ్లు చూస్తే వేర్లు లోతుకు పోలేదు, పళ్లెం లెక్క పరుచుకొని ఉన్నయి. కింద నేల మందం తక్కువ. ఆ గాలి ఊర్ల మీదికి వస్తే ఏమయ్యేదో, అమ్మల దయ అని అక్కడోళ్లు అన్నరు. అంతకు ముందేడు, 2023 జులైల, ఇదే జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది. తెలంగాణలో అంత వాన ఎప్పుడూ నమోదు కాలే. జంపన్న వాగు కొండాయిని ముంచింది, 8 మంది పోయిండ్రు. కొండాయి అంటే మనకు గోవిందరాజుల ఊరు. ఇక్కడ మోరంచవాగు మోరంచపల్లిని ముంచింది. ఎండుటాకు అడవి అని మా తమ్ముడు వెక్కిరిచ్చిన అడవి మీద కెనడాలో రెండు నెలలకు పడే వాన ఒక్క రోజులో పడ్డది.

మేడారంలో జాతర లేని రోజు గద్దెల దగ్గర కూర్చోవడం నాకు ఇష్టం. ఖాళీగా ఉంటది. అక్కడ పగిడిద్దరాజు గురించి మాట వచ్చింది. ఆయన ఊరు గంగారం మండలం పూనుగొండ్ల, అంటే మేం పొద్దున వచ్చిన దిక్కే, మహబూబాబాద్ జిల్లా. ప్రతి జాతరకు పెనక వంశం పూజారులు ఆయన్ని ఎత్తుకొని అడవిలోంచి నడిచి మేడారం తెస్తరు. దారిలో రాత్రి ఆగుతరు. సారలమ్మ కన్నెపల్లి నుంచి వస్తది, గోవిందరాజులు కొండాయి నుంచి. అంటే ఏంది? ఊర్లను, వాగులను, గుట్టలను కలిపే కాలిబాట ఒకటున్నది, దాని మీద రెండేండ్లకోసారి కోటి మంది చూస్తుండగా దేవుడు నడుస్తున్నడు. ఈ కాలిబాటను పటం మీద గీసి, ఎక్కడ ఆగుతరో, ఏ చెట్టు కింద దించుతరో రాసి, పూజారుల వాంగ్మూలం తీసి, ఆ దారిలో ఉన్న గ్రామసభలు తమ తమ ఫారాలకు జత చేసినయా? నేను అడిగిన ఊర్లల్ల చెయ్యలే. మొక్కులకు, బంగారానికి ఫోటోలు లక్షల్లో ఉన్నయి.

బయ్యక్కపేట, గొల్లబుద్ధారం మీదుగా భూపాలపల్లి చేరేసరికి చీకటి పడ్డది. అడవి అయిపోంగనే గని లైట్లు కనబడ్డయి. ఓపెన్‌కాస్టు మట్టిదిబ్బలు కొత్తోళ్లకు గుట్టల్లెక్క కనబడతయి. మా తమ్ముడు "ఇదేం గుట్ట అన్నా" అని అడిగిండు. సింగరేణిలో మన పిల్లలు కొందరు కొలువు చేస్తున్నరు, చెల్పూరు కరెంటు మన ఇండ్లల్ల కూడ వెలుగుతది. దాన్ని తిట్టుడు నా ఉద్దేశం కాదు. లెక్క అడుగుతున్న. గూడేనికి హెక్టారు రోడ్డు ఇయ్యడానికి సతాయించే వ్యవస్థ గనికి వందల హెక్టార్లు ఇస్తది, దానికి బదులు ఇంకోచోట మొక్కలు నాటుతమంటది. ఆ ఇంకోచోటు చాలాసార్లు మన పోడు, మన పశువుల మేత జాగ. ఇప్ప చెట్టు పోయి జామాయిల్ మొక్క వస్తే పువ్వు ఏరుకునే ముసలమ్మకు ఏం పనికొస్తది? ఒడిశా నియమగిరిలో డోంగ్రియా కోందులు 2013ల 12 గ్రామసభలు పెట్టి పన్నెండూ గని వద్దన్నయి. వాళ్ల గుట్ట దేవుడని సుప్రీంకోర్టు ముందర చెప్పుకోగలిగిండ్రు. మనం చెప్పుకోవాల్సి వస్తే మన దగ్గర ఏం రాసి ఉన్నది?

నాకు భయం ఒక్కటే. ఆ తాత ఉన్న గూడెంలో హద్దులన్నీ తెలిసినోళ్లు ముగ్గురుండే. నిరుడు ఇద్దరు పోయిండ్రు. జనగామ తండాలో విన్న మాట నాకు మళ్లీ మళ్లీ చెవిలో పడుతున్నది, ఇదంతా చెట్లే ఉండె అని.

సరే, పని చెప్తా. వచ్చే నెల మొదటి ఆదివారం ఆ గూడేనికి మళ్లీ పోతున్నం. ఆరుగురు చాలు, ఎక్కువమంది వస్తే వాళ్లకు వంట భారం. ఫోన్‌లో జీపీఎస్ ఉన్నోళ్లు ఇద్దరు, చేతిరాత బాగున్నోళ్లు ఇద్దరు, కోయ భాష వచ్చినోళ్లు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒక్క చెల్లె అన్నా ఉండాలె. గడ్డలు తవ్వే జాగలు ఆడోళ్లకే తెలుసు, వాళ్లు మగపిల్లలకు చెప్పరు. ఒక కొలతల టేపు, రెండు నోటుబుక్కులు, ఒక ఇంకు ప్యాడు. తాత చెప్పింది ఆయన చెప్పినట్టే రాయాలె, మన తెలుగులోకి సాపు చెయ్యొద్దు. చదివి వినిపిచ్చి వేలిముద్ర తీసుకోవాలె. అటవీ హక్కుల కమిటీ వాళ్లు వెంట ఉంటరు, ఫారెస్టు వాళ్లకు ముందే నోటీసు ఇస్తరు, రాకపోతే రాలేదని రాసుకుంటరు. గ్రామసభకు సగం మంది రావాలె, వచ్చినోళ్లల్ల మూడో వంతు ఆడోళ్లు ఉండాలె. అందుకని తునికాకు కోతలప్పుడు పెట్టొద్దు, ఎవరూ రారు.

పేర్లు ఇయ్యాళ్నే ఇవ్వండి. తాతకు ఫోన్ చేసి చెప్పిన, మళ్లీ వస్తున్నమని. పొద్దున నాలుగున్నరకు తయారుగుండమన్నడు, లేటయితే ఎండ ఎక్కుతదట. కిందిసారి మేం తీసిన ఫోటోల్లో చెట్టు ఒక్కటే వచ్చిందని, ఈసారి తనను కూడ పక్కన నిలబెట్టి తియ్యమన్నడు.